పట్నం పిల్ల

పెట్టె సంగతి నిన్నటి నుంచీ నడుస్తూనే ఉంది. పొద్దున మళ్ళీ మొదలైంది. భద్రాచలంలో కొన్న ఆ రేకు పెట్టెను దుకాణంలో వాపసు ఇచ్చి వస్తానని మంగీలాల్, ఇవ్వనిచ్చేది లేదని అతని భార్య సక్రి. మూత మీద పేరు రాయించిన పెట్టెను ఎవడు తీసుకుంటాడని ఆమె అడిగింది. కిరసనాయిలు పెట్టి రుద్దితే పేరు పోతుందని అతను ముందే కనుక్కొని వచ్చాడు. ఆ మాట వినగానే సక్రి జొన్నల మూట ఈడ్చుకొచ్చి పెట్టె మీద పడేసింది.

“ఇప్పుడు తీస్కపో, చూస్తా.”

“మూట దించితే ఎంతసేపు?” అన్నాడు మంగీలాల్. కాని దించలేదు. గడప మీద కూర్చొని బీడీ ముట్టించాడు. “దాన్ని జూసినప్పుడల్ల పిల్ల మొఖం మాడిపోతాంది. నీకు కనబడ్తలేదా?”

“పెట్టె పోతే మర్చిపోతదా?”

మూత మీద నీలం రంగుతో పెద్దకూతురు చాంది పేరు, కింద ఆరవ తరగతి అని రాసి ఉంది. ఆ అక్షరాల మీద మూట పడటం చూసి చాంది బిందె తీసుకొని బోరింగు వైపు పోయింది. చెల్లెలు పూలి వెనకాలే పరుగెత్తింది.

చూరు కింద మంచంలో పడుకున్న మామ బిచ్యా ఇదంతా విన్నాడు. “ఉండనియ్యరా. రేపు కంపెనీల పర్మినెంటు అయితే డ్యూటీ బట్టలు పెట్టుకోను నీకే పనికొస్తది,” అన్నాడు కొడుకుతో.

ఎవరూ నవ్వలేదు. ముసలాయన నవ్వించడానికి అనలేదని ఇద్దరికీ తెలుసు.

చాంది ఐదో తరగతి చదువుతూ జిల్లా హాస్టలు బడికి పరీక్ష రాసింది. ఆ బడిలో ఎక్కువ సీట్లు పల్లెటూరి పిల్లలకే. కొన్ని మాత్రం పట్నం పిల్లలకు, వాటికి మార్కులు చాలా రావాలి. బీడీలకు తునికాకు కోత నడుస్తుండగా చాందికి సీటు వచ్చిందని కబురొచ్చింది. సక్రి ఆకు కట్టలు కల్లంలోనే వదిలేసి ఇంటికి పరుగెత్తుకొచ్చింది. ఆ వారమే పెట్టె కొన్నది. తరవాత ఇంకో కబురొచ్చింది. తమ ఊరు ఎర్రవాగు పట్నాల జాబితాలో ఉందట. అక్కడి బడిలో చదివిన పిల్ల పల్లె పిల్ల కింద రాదట. పట్నం పిల్లల సీటుకు చాంది మార్కులు చాలలేదు.

ఎర్రవాగు పట్నమన్న మాట విని మొదట ఊళ్ళో అందరూ నవ్వారు. తండా, పక్కన కోయగూడెం, రెండింటి మధ్య బడి, చుట్టూ అడవి. ఇప్పపూల కాలంలో చెట్ల కిందికి ఎలుగుబంట్లు వస్తాయని పొద్దు గుంకాక ఎవరూ బయటికి పోరు. దవాఖానాకు పోవాలంటే బస్సు దొరికే చోటి దాకా నడవాలి. పట్నపోళ్ళు వచ్చిన్రు జరగండని ఆడవాళ్ళు బోరింగు దగ్గర ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నారు. రెండు రోజులు నడిచింది ఆ నవ్వు. చాంది సీటు పోయిందని తెలిసాక సక్రిని చూస్తే ఆ మాట ఎత్తడం మానేశారు.

విషయం విడమరచి చెప్పింది బావ ధన్‌సింగ్. మంగీలాల్‌కు అన్న, ఆ ఊరి బడికి పంతులు. భార్యాపిల్లలను ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో కిరాయి ఇంట్లో ఉంచి చదివిస్తూ, తను ఇక్కడ తమ్ముడి ఇంట్లో తింటాడు. జనాభా లెక్కలు వచ్చినప్పుడల్లా ఇల్లిల్లూ తిరిగి రాసేది కూడా అతనే.

ఊళ్ళో అయిదు వేల మంది ఉండాలి, ఇరుకిరుకుగా ఉండాలి, మగవాళ్ళలో నూటికి డెబ్భై అయిదు మంది ఎవుసం కాని పని చేస్తుండాలి. ఈ మూడూ కలిస్తే పంచాయతీ ఊరయినా సరే, లెక్కల్లో పట్నం. ఇప్పటి జాబితాకు చూసింది పోయినసారి లెక్కలను, ఎనభై ఒకటిలో రాసినవాటిని.

ఆ ఏడు సక్రికి బాగా జ్ఞాపకం. చాంది కడుపులో ఉంది. అడవి అంచున కంపెనీ కడుతున్నారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలతో ఊరి పొలాల్లో క్యాంపు లేచింది. రేకుల కింద రేకులు, ఊపిరాడనట్టు జనం. తండా మగవాళ్ళు ఎండాకాలమంతా అక్కడ మట్టి మోసి, వానలు పడగానే నాగలి పట్టేవాళ్ళు. ఆ రోజుల్లోనే జనాభా లెక్కలు వచ్చాయి. లెక్కల్లో కంపెనీ పని అని రాయించుకున్నవాళ్ళ పేర్లు ఢిల్లీకి పోతాయని, అక్కడి నుంచి పర్మినెంటు ఆర్డరు వస్తుందని మేస్త్రీ ఒకడు పుకారు పుట్టించాడు. బిచ్యా మాట అప్పట్లో తండాలో చెల్లేది. మగవాళ్ళందరినీ కూర్చోబెట్టి, ఎవరిని అడిగినా ఏడాది పొడుగునా కంపెనీ పనే అని చెప్పాలన్నాడు. ఒక్కడు ఎవుసం అన్నా అందరి ఆర్డర్లూ ఆగిపోతాయన్నాడు. ఒక్కడూ అనలేదు.

ధన్‌సింగ్ కొత్తగా నౌకరిలో చేరిన రోజులు. తన సొంత ఇంటికే వచ్చి, తండ్రి ముందు నిలబడి రాసుకున్నాడు. సక్రి ఏం పని చేస్తుందని అడిగితే బిచ్యా, “ఏం జెయ్యది. కంపెనీ మనిషి పెండ్లాం కూలికి పోతదా?” అన్నాడు. సక్రి అప్పుడే మిరపచేనులో కలుపు తీసి వచ్చి, కొడవలి చేతిలోనే ఉంచుకొని వాకిట్లో నిలబడి ఉంది.

ఆర్డర్లు రాలేదు. కంపెనీ మొదలయ్యాక లోపలి పనికి బయటివాళ్ళు వచ్చారు. క్యాంపు ఎత్తేశారు. ఆ మొండిగోడల మధ్య ఇప్పుడు మేకలు మేస్తున్నాయి. లోడింగు ఉన్నప్పుడు మంగీలాల్‌ను పిలుస్తారు, లేనప్పుడు లేదు.

మొన్న ఫిబ్రవరిలో లెక్కలు మళ్ళీ వచ్చాయి. ఈసారైనా ఉన్నదున్నట్టు చెప్పమని ధన్‌సింగ్ అన్నాడు. బిచ్యా ఒప్పుకోలేదు. ఇన్నేండ్లు ఓపిక పట్టి, ఫైలు పైకి పోయినంక మాట మారిస్తే ఉన్నది కూడా పోతుందన్నాడు. మంగీలాల్ తల దించుకొని, “గట్లనే రాయి అన్నా,” అన్నాడు. తనను మాత్రం ఎవుసం అనే రాయమని సక్రి పట్టుబట్టింది. ధన్‌సింగ్ రాశాడు. చాంది సీటు పోయాకనే ఆమెకు అసలు సంగతి తెలిసింది. ఊరు పల్లెనా పట్నమా అని తేల్చడానికి చూసేది మగవాళ్ళ పనినే. ఆడవాళ్ళు ఊరంతా కలిసి నాట్లేసినా, కలుపు తీసినా, అడవి నుంచి ఆకూ పువ్వూ తెచ్చినా ఆ తూకంలో పడదు.

ఊరు పట్నం కింద ఉందని ఫిబ్రవరి ట్రైనింగులోనే బావకు తెలుసన్న సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఇది లెక్క కోసమే, దీనివల్ల ఎవరికీ వచ్చేది లేదు, పోయేది లేదని అక్కడ చెప్పారట. అతను నమ్మాడు.

పోయిన వారం సక్రి, ధన్‌సింగ్, చాంది ముగ్గురూ ఖమ్మం పోయి ఆఫీసరును కలిశారు. చాంది తలకు నూనె పెట్టి, రెండు జడలు గట్టిగా అల్లి తీసుకుపోయింది సక్రి. ఆఫీసరు కసిరే మనిషి కాదు. కూర్చోమన్నాడు. చెప్పిందంతా విన్నాడు. అదే సక్రిని ఎక్కువ భయపెట్టింది. కసిరితే బతిమాలుకోవచ్చు.

“మా ఊర్ల దవాఖానా లేదు సార్. ఈ పిల్ల పుట్టినప్పుడు నన్ను ఎడ్లబండిల ఏస్కపోయిన్రు. తొవ్వలనే కన్న.”

“దవాఖానా లెక్కలకు రాదమ్మా.”

“వాన పడితే బస్సు రాదు సార్.”

“అది గూడ రాదు. ఊరిని పట్నమని రాసింది నేను కాదు. ఉన్న జాబితా చూసి నేను చెయ్యాలె, అంతే. ఇప్పుడు రాసుకపోయిన లెక్కలు తేలినంక మళ్ల చూస్తరు.”

“ఎప్పుడు సార్?”

“వచ్చేసారి. పదేండ్లకు.”

సక్రి కూతురి వైపు చూసింది. “అప్పటికి దీనికి ఇరవై ఏండ్లొస్తయి సార్,” అంది. ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇప్పుడు రాసుకుపోయినదాంట్లో కూడా మగవాళ్ళది కంపెనీ పనే అని ఉందని ఆమె అతనికి చెప్పలేదు.

బయటికొచ్చాక వరండాలో ఒక గుమాస్తా గొంతు తగ్గించి దారి చెప్పాడు. అడవి లోపలి ఊరు ఏదన్నా చూసుకొని, ఆ బడిలోనే పిల్ల మూడేళ్ళు చదివిందని సర్టిఫికెట్టు తెచ్చుకొమ్మన్నాడు. అందరూ చేసేదేనన్నాడు. ధన్‌సింగ్ విననట్టు ముందుకు నడిచాడు. సక్రి విన్నది. పెట్టెను ఆమె పట్టుకొని వేలాడేది అందుకే.

ఆ పొద్దున అన్న స్నానం చేసి వచ్చేసరికి మంగీలాల్ బీడీ పారేసి చేనుకు పోయాడు. వాగుకు అవతల, అడవి లోపల ఉన్న ఊటగుంపు బడి పంతులు సీతయ్య ధన్‌సింగ్‌కు దోస్తు. సక్రి బావకు జొన్నరొట్టె పెట్టి ఎదురుగా కూర్చుంది.

“ఊటగుంపుల చదివిందని ఒక్క కాగితం రాయించు బావా. సీతయ్య సారు నీ మాట కాదనడు.”

“అది అబద్ధం సక్రీ.”

“తండా మగోళ్లంత కంపెనీ అన్నది నిజమా? అది రాసేటప్పుడు నీ చెయ్యి ఆగలేదు గద.”

ధన్‌సింగ్ రొట్టె ముక్కను పళ్ళెంలో పెట్టేశాడు. వాళ్ళు చెప్పింది రాయడమే అప్పటి పని అన్నాడు. ఇది తను పుట్టించి చెప్పడం అవుతుందన్నాడు. దొరికితే సీతయ్య నౌకరి, తన నౌకరి రెండూ పోతాయని, ఖమ్మంలో పిల్లలు చదువు మధ్యలో ఉన్నారని చెప్పబోయి, మధ్యలోనే ఆపేశాడు.

“అవ్ బావా, మీ పిల్లలు ఖమ్మంల చదువుతున్రు,” అంది సక్రి. “ఖమ్మం పట్నమే. పట్నమని వాళ్లను ఏ బడి ఎల్లగొట్టలే.”

అతను తినకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు. సక్రికి మనసు చివుక్కుమంది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. కొంగు నడుముకు దోపి, తనే ఊటగుంపుకు బయలుదేరింది.

ఊరికి పేరు తెచ్చిన ఎర్రవాగు ఎండి ఇసుక తేలి ఉంది. అవతల కాలిబాట. వానలు మొదలైతే ఈ వాగు దాటడం ఉండదు, మళ్ళీ నీళ్ళు తీసేదాకా ఆ ఊరు ఆ ఒడ్డునే. ముందుగా జంపక్కను కలిసి, ఆమెను వెంటబెట్టుకొని సీతయ్య సారు దగ్గరికి పోవాలని సక్రి అనుకుంది. జంపక్క కోయామె, సీతయ్యకు అక్క. తునికాకు కల్లంలో ఏటా పక్కపక్కనే కూర్చొని కట్టలు కట్టి, ఒకరి అంబలి ఒకరు తాగినవాళ్ళు. సక్రి ఆమె కాళ్ళయినా పట్టుకునేదానికి సిద్ధపడే పోయింది.

జంపక్క వాకిట్లో పాత చీర పరిచి దాని మీద లంగా జాకెట్లు మడిచి పెడుతోంది. సక్రిని చూసి ముఖమంతా నవ్వయింది.

“నువ్వే రావాలనుకుంటున్న. రా కూసో. మా బిడ్డ చిన్నక్కకు సీటొచ్చింది.”

“ఏ సీటు?” అంది సక్రి. అడుగుతుండగానే అర్థమయింది.

చిన్నక్క కూడా ఆ పరీక్షే రాసిందని, ఒక్క సీటు తేడాలో ఆగిపోయిందని జంపక్క చెప్పుకొచ్చింది. ఇంక రాదని పిల్ల మూడు రోజులు అన్నం ముట్టలేదట. మొన్న తమ్ముడికి కబురొచ్చిందట.

“ఎవరో పట్నం పిల్లంట. మన పల్లె పిల్లలకు పెట్టిన సీటు పట్టుకొని కూసుందంట. పట్నపోళ్లకు ఆశ జూడు. ఆఫీసోళ్లే కనిపెట్టి దాన్ని తీసేసి మా దానికి ఇచ్చిన్రు.”

ఇంట్లోంచి చిన్నక్క నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చింది. బక్కపలచటి పిల్ల. చాంది ఎత్తే ఉంటుంది. మోకాలి మీద చాందికి ఉన్నట్టే మానిన పుండు మచ్చ ఉంది. సక్రి నీళ్ళు తాగింది.

“నువ్వు ఖమ్మం, భద్రాచలం తిరుగుతవు. నీకు తెలుస్తది. హాస్టలుకు ఏమేం తీస్కపోవాలె?” అని జంపక్క అడిగింది.

సక్రికి అదంతా నోటికి వచ్చు. కంచం, గ్లాసు, దుప్పటి, చెప్పులు, తలకు నూనె అని వరసగా చెప్పింది. చివరికి, “పెట్టె ఉండాలె. తాళం ఏసేది. చీర మూట ఉంచనియ్యరంట,” అంది.

“పెట్టెనా? ఈ అడవిల నేనెక్కడ తేవాలె?” అంది జంపక్క. మడిచిన బట్టల మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

సీతయ్య సారు చింతచెట్టు కింద పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తున్న గొంతు వినిపిస్తోంది. ఎండాకాలం సెలవుల్లో కూడా వాళ్ళను వదలడని జంపక్క నవ్వింది. సక్రి అటు చూసింది. పోయి అడిగితే ఆయన ఏమంటాడో తెలియదు. రాసినా రాస్తాడు. రాస్తే ఈ చీర మీద మడిచి పెట్టిన బట్టలు మళ్ళీ దండెం మీదికి పోతాయి. ఆ పట్నం పిల్ల నా బిడ్డే అని ఒకసారి నోటి దాకా వచ్చింది. జంపక్క ముఖం చూసి మింగేసింది. ఏడుపు వస్తే ఎండ మీద నెపం పెట్టి కళ్ళు తుడుచుకుంది.

లేచేముందు వేరే సంగతి అడిగింది. ఎంతసేపు ఆలోచించి అడిగిందో ఆమెకే తెలియదు. జంపక్క మొదట నమ్మలేదు. తరవాత వంటింటి పక్క పంచ చూపించి, పైన తాటాకు కొత్తది కప్పుకోవాలి, అంతే అంది.

మర్నాడు పొద్దున అందరూ ఇంట్లోనే ఉన్నారు. మంగీలాల్ చేనుకు పోవడానికి తలగుడ్డ చుట్టుకుంటున్నాడు. ధన్‌సింగ్ నిన్నటి నుంచీ సక్రితో మాట్లాడలేదు. గోడవార కూర్చొని అంబలి తాగుతున్నాడు. బిచ్యా మంచంలో లేచి కూర్చున్నాడు. చాంది పూలికి జడ వేస్తోంది. సక్రి పెట్టె మీది జొన్నల మూట దించి పక్కన పెట్టింది.

“తీస్కపోదునా?” అన్నాడు మంగీలాల్, అనుమానంగా.

“పేరు తుడువు. కిరసనాయిలు పెడితే పోతదన్నవు గద. దుకాణానికి కాదు. ఊటగుంపుకు.” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “చాంది సీటు జంపక్క బిడ్డకొచ్చింది. ఆమెకు తెల్వదు. ఎవరు చెప్పొద్దు.”

చాంది చేతులు జడ మీద ఆగిపోయాయి. ధన్‌సింగ్ తలెత్తి చూశాడు. ముసలాయన ఏదో అనబోయి దగ్గు వచ్చి ఆగిపోయాడు.

“పూలి ఈ ఏడు మూడో తరగతికి వస్తది,” అంది సక్రి. “మూడు, నాలుగు, అయిదు ఊటగుంపుల చదువుతది. అక్కడి నుంచే పరీక్ష రాస్తది. దాని తోడు నేను పోతున్న. జంపక్క పంచల ఉంటం. ఊరికే ఉంచుకొమ్మని ఎట్ల అంట, అందుకే పెట్టె.”

“మూడేండ్లా?” అన్నాడు మంగీలాల్. “జరాలు పట్టుకునే అడవి అది. ఏముందని ఆడికి పోతవు?”

“ఏం లేదు. ఎవరొచ్చి అడిగినా ఆడి మగోళ్లు ఎవుసం అనే చెప్పిన్రు. గంతే ఉంది.”

బిచ్యా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మూడేళ్ళకు ఆ ఊరు కూడా ఏమవుతుందో ఎవరు చెప్పగలరని ధన్‌సింగ్ నెమ్మదిగా అన్నాడు. ఆ భయం తనకూ ఉందని సక్రి ఒప్పుకుంది. వేరే దారి కనబడితే చెప్పమంది.

“నేనో, యాడీ?” అని చాంది తల్లిని అడిగింది.

సక్రి పోయి కూతురి పక్కన కూర్చుంది. పూలి జడలో సగం అల్లిన పాయలు తన చేతిలోకి తీసుకుంది.

“నువ్వు పెద్దబాపు ఎంట బస్సు దాకా నడిచి మండలం బడికి పోతవు. ఆరో తరగతి. బావా, దాన్ని రోజు బస్సు ఎక్కించేది నువ్వే.” ధన్‌సింగ్ తల ఊపాడు. సక్రి మొగుడి వైపు తిరిగింది. “వంట, నీళ్లు నువ్వు చూస్కో. దీనితోటి చేయిస్తున్నవని నా చెవిన పడితే మాత్రం ఊకోను. వచ్చేసారి లెక్కలోళ్లొస్తే ఇంటి పని అని రాయించుకుందువు.”

మంగీలాల్ తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. కొంతసేపటికి వంటింట్లోకి పోయి కిరసనాయిలు డబ్బా, పాత గుడ్డ తెచ్చుకొని పెట్టె ముందు కూర్చున్నాడు. చాంది అటు చూడలేదు.

“వాగుల నీళ్లు రాకముందే దాటాలె,” అంది సక్రి, జడ అల్లుతూ. “సోమవారం పోతున్నం.”